దొరా, కూసో

పేరు నేను పెట్టలె.
మా తమ్ముడు సాయిలు పెట్టిండు, నవ్వులాటకు.
బోరబండ స్టేషన్ మెట్ల కింద దొరికిన పిల్ల,
రెండు చెవులు రెండు దిక్కులు,
ఒంటి మీద పిడికెడు కండ లేదు,
అయినా మా చాప మీద నాలుగు కాళ్లు జాపి పన్నది చూసి
"అక్కా, గిది దొర గదనే" అన్నడు.

నర్సవ్వకు ఆ పేరు నచ్చలె.
మా నాయనమ్మ నిజం దొరను చూసిన మనిషి.
గడి ముందర చెప్పులు చేతిల పట్టుకొని నడిచిన మనిషి.
"కుక్కకు ఇంకో పేరే దొరకలేదా" అని
గోడ దిక్కు తిరిగి పన్నది.

ఆరు నెలలకు దొర నిజంగనే దొర అయిండు.
తాడు కట్టి బయటికి తీస్తే
ఎవరు ఎవర్ని తిప్పుతున్నరో
గల్లీల ఒక్కరికీ అనుమానం లేదు.
పాల పాకెట్ల పిలగాడు గేటు అవతల నుంచే ఇసిరి ఉరికేటోడు.
నా డ్యూటీ చెప్పు ఒకటి నమిలిండు.
రెండోది ఎక్కడ దాచిండో ఇప్పటికీ తెల్వదు.

నేను కండక్టర్ని.
పదకొండేండ్లు "ముందుకు జరుగుండ్రి" అని అరిచిన గొంతు.
అదే గొంతుతోని
"వద్దు, వద్దు రా, చెప్తున్న, వద్దు" అంటే
పాస్ లేని స్టూడెంట్ లెక్క కిటికీ దిక్కు జూసేటోడు.
ఒకరోజు పేపర్ చుట్టి కొట్టిన.
నిలబడ్డ కాడ్నే ఉచ్చ పోసుకొని
మంచం కిందికి పోయిండు.
ఆ తడి తుడుస్తుంటే
నర్సవ్వ నా దిక్కే చూసింది. ఏమనలె.
ఏమన్న అనుంటే బాగుండు.

యాసీన్ సాబ్ పోలీసు కుక్కల్ని సాకి రిటైరైన మనిషి.
మోతీనగర్ ఇరానీ హోటల్ల సాసర్ల చాయ్ పోసుకుంట
నా కథ మొత్తం విన్నడు, దొర దిక్కు చూడనే లేదు.
దొర మాత్రం ఆయన కాళ్ల కాడ
ఎప్పుడు కూలబడ్డడో!
"నువ్వు చెప్తలేవు బేటీ, అడుగుతున్నవ్.
ముందు నీ మనసుల ఖరారు చేస్కో.
తర్వాత ఒక్కసారి చెప్పు.
మలుపు కాడ మీ డ్రైవర్
తిప్పాల్నా అని ప్యాసింజర్లను అడుగుతడా?
అట్లని వాళ్లను గుద్దుతడా?"

నాలుగు గంటలకు లేస్త, మొదటి బస్సు కన్న ముందు.
గుంజితే నిలబడుడు. తాడు వదులైతే నడుసుడు.
అంతే పాఠం. దొరకు కాదు, నాకు.
మొదటి రోజు గల్లీ చివరి దాక నలభై నిమిషాలు.
జేబుల ఉడకబెట్టిన కార్జం ముక్కలు,
టికెట్ల మిషన్‌కు గూడ అదే వాసన.
రోడ్డు ఊడ్చే చంద్రకళ చీపురు ఆపి
"ఏంది మేడం, బండి ఖరాబైందా" అన్నది.
పదో పన్నెండో రోజు
తాడు మా ఇద్దరి నడుమ వేలాడింది,
బట్టలు తీసేసిన దండెం లెక్క.
దొర వెనక్కి తిరిగి నా మొఖం జూసిండు.
ఇటా? అటా?
దారి అడిగేటోళ్లు రోజు వందమంది.
జవాబు చెప్పేదాక ఆగింది వీడొక్కడే.

బోనాల రాత్రి డప్పులు ఇంట్లకే వచ్చినట్టున్నయ్.
దొర వణికిండు.
నాకూ దడే, చిన్నప్పటి సంది పటాకులంటే భయం.
అయినా పెద్దగ ఆవులించిన.
తొందరేం లేని బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డ.
నమ్మాల్నా వద్దా అని కాసేపు నన్ను కొలిచి
నా పాదం మీద గదువ పెట్టిండు.
ఆవులింత అబద్ధమే.
వాని తలకాయ బరువు పడ్డంక
నాకు నిజంగనే నిద్రొచ్చింది.

కోతిని చూస్తే ఇంకా ఆగడు.
కొన్ని దినాలు నేను గూడ ఆగ, అరుస్త.
తెల్లారి మల్ల మొదటి నుంచి.

నిన్న పొద్దుగూకంగ నర్సవ్వ
పెరుగన్నం గిన్నె పట్టుకొని
వంగిన నడుము ఎంత లేస్తే అంత లేపి
మెల్లగ, ఒక్కసారి అన్నది:
"దొరా, కూసో."

కూసున్నడు.

ముసల్ది గిన్నె తొణికేదాక నవ్వింది.
కొంగుతోని కండ్లు తుడుసుకొని
"మమ్ముల ఎన్నడు కూసో అనలేదే వాడు" అన్నది,
గిన్నె కింద పెట్టి
కుక్క పక్కన
కూసుంట.