బొడ్డు లెక్క

ఇస్కపల్లి ఇసకలో, ఇంకా వలలు ఆరేయని పొద్దున,
బడి బల్లంత పొడుగున నల్లంగా పడుంది.
"చేప! పే...ద్ద చేప!" అని అరిచాం మేం.

పశువులాసుపత్రి మస్తానయ్య సైకిల్ పడేసి
చెవుల్లో గొట్టాలు పెట్టుకొని వంగాడు.
"చేపైతే ఊపిరి తీస్తదంటరా అబ్బయ్యా?"

నెత్తిమీద చిల్లు. ఫుస్సుమంది. మా మొహాలు తడిశాయి.
చెయ్యి పెట్టి చూశా:
ఎండలో పెట్టిన సైకిల్ ట్యూబులాగా
నున్నగా, వెచ్చగా.

"ఇదిగో చూడండి, బొడ్డు!
అమ్మ కడుపులో తాడు కట్టిన గుర్తు.
చేపకుండదు, కోడికుండదు.
మీకుందా?"
అందరం చొక్కాలెత్తి చూసుకున్నాం.
చెంచురామయ్యకైతే బయటికి పొడుచుకొచ్చింది కూడా.

"ఆడ డాల్ఫిన్. పాలు కారతన్నాయి.
పిల్ల యాడో ఎదురుచూస్తా ఉంటది. పట్టండి!"
తడిగోతాల మీద పదహారు మంది ఈడ్చాం.
అల వచ్చింది, ఎత్తుకుంది, పోయింది.

అప్పట్నుంచీ నాకు బొడ్ల పిచ్చి.
గొర్రెపిల్లకి ఎండిన తాడు ఇంకా వేలాడతాంది.
కుక్కపిల్లకి బొచ్చులో వెతకాలి.
పిల్లి చూపించలా. గీరింది.

మామిడితోట వలలో గబ్బిలం చిక్కితే
మస్తానయ్య తోలు గ్లవుసులతో విడిపించి
రెక్క ఎండకి పట్టాడు, గొడుగు గుడ్డలాగా.
లోపల గొడుగు కమ్ములు కాదు, వేళ్లు!
బొటనవేలితో కలిపి ఐదు.
డాల్ఫిన్ రెక్కలోనూ లోపల ఐదేనంట.
నా చెయ్యి చూసుకున్నా.
ఇది ఎగరలేదు, అంత బాగా ఈదనూ లేదు,
గోళీ మాత్రం గురి తప్పదు.

గొర్రెపిల్ల పుట్టిన గంటకే లేచి నిలబడింది.
కుక్కపిల్ల రెండు వారాలకి గాని కళ్లు తెరవలా.
మా తమ్ముడు ఏడాది దాటినా
రెండడుగులేసి కూలబడతాడు.
ఒంగోలు గిత్త మెడలో ఏడెముకలు,
తాటిదూలం మీద ఉడుత మెడలోనూ ఏడే అంటే
నేను నమ్మలా. ఇప్పటికీ సగమే నమ్మాను.

"గుడ్డు పెట్టి పాలిచ్చేది కూడా ఒకటుంది పాపా,
ఆస్ట్రేలియాలో."
"దానికి బొడ్డుంటదా మస్తానయ్యా?"
ఆయన సైకిలెక్కి, దిగి, తల గోక్కున్నాడు.
"చదివి చెప్తాలే, ఆదివారం."

రాత్రి కరెంటు పోయింది.
తమ్ముడు పాలు తాగతా తాగతా
తన బొడ్డులో తనే వేలు పెట్టుకొని నిద్రపోయాడు.
చీకట్లో సముద్రం మోత.
అంత ఉప్పునీళ్లలో
ఆ పిల్ల నోటికి తియ్యగా ఏం తగిలి ఉంటదో,
నాకు తెలుసు.