నూగు

రోహిణి కార్తెలో తెచ్చాడు బుల్లెబ్బాయి ఉన్ని.
రెండు గోనెసంచులు, పంటు మీద వశిష్ఠ దాటించి.
"నలభై టోపీలండీ, పసిపిల్లలవి.
మంచు కురిసే చోటికి వెళ్తాయి" అని
తువ్వాలు పిండుకున్నాడు, చెమటకి.

ముప్పయ్యేళ్లు లేసు అల్లిన చెయ్యి నాది.
లేసంటే ఏవిటి?
ఖాళీ చుట్టూ వేసిన దారపు గట్టు.
గట్టు మనది, పంటంతా ఖాళీది.
ఎన్ని సందులో లెక్క తప్పితే
పువ్వు పువ్వు కాదు.

ఇదేమో సందులన్నీ పూడ్చెయ్యాలిట.
రెండింతలు పెద్దగా, వదులుగా అల్లి
సలసల కాగే నీళ్లలో ముంచి, సబ్బు పట్టించి
పగబట్టినట్టు పిసకాలిట.
పిసికాం, నేనూ కరుణమ్మా, కర్రతో ఒకసారి, చేత్తో పదిసార్లు.
గుమ్మడికాయంత టోపీ
కొబ్బరికాయంతకి దిగింది.
నా కుట్టు నాకే కనబడలేదు.

ఆరాక చూద్దుం కదా, ఒళ్లంతా నూగు!
వానకి తడిసి ఎండకి లేచిన కుక్కపిల్ల.
మెడకి అంటుకుంది, మోచేతులకి అంటుకుంది,
పొయ్యి మీది పులుసులో తేలింది.
ఫాను వేస్తే నూగు ఎగురుద్ది,
ఆపితే మనం పోతాం.
"నూగుంటే సరుకు వెనక్కేనండోయ్"
బుల్లెబ్బాయి ఫోన్లో.

కరుణమ్మ కొవ్వొత్తి మంట చూపించింది,
ఇల్లంతా కోడిని కాల్చిన కంపు.
ప్లాస్టరు అంటించి పీకాను,
ఉన్న నూగు పోలేదు, కొత్తది లేచింది.
గడ్డం గీసే సామాను మా ఇంట లేదు.
ఆయన గడ్డం ఆదివారం ఆదివారం
సెలూన్ తాతారావు చేతిలో.

పెన్సిలు చెక్కే బ్లేడుంటుందని
జెకర్యా జామెట్రీ బాక్సు తెరిచాను.
కోణమానిని కింద
నీలం ప్లాస్టిక్ రేజరు, కాగితంలో చుట్టి.
అంచున రెండు పోగులు.
వెంట్రుకలనడానికి లేదు,
నూగు.

గుమ్మంలో వాడు.
చెవులు దొండపళ్లయ్యాయి.
ఏమీ అనలేదు నేను.
"కాసేపు ఇస్తావేంట్రా ఇది?"
పక్కింట్లో పంచదార అడిగినట్టు అడిగాను.

వాడు దొడ్లోకెళ్లి ఒలిచిన కాయ ఒకటి తెచ్చి
మిగిలిన పీచు నున్నగా గీకి
టోపీ తొడిగాడు దానికి.
"అడుగున బిగువుండాలమ్మా. వదులుంటే తెగుద్ది.
ఎటు పడుకుందో అటే లాగు.
ఎదురు లాక్కు.
నొక్కకు, రేజరు బరువు చాల్దూ?"
ఇదంతా నీకెవరు నేర్పారని
నోటిదాకా వచ్చింది.
గడ్డం కింద బియ్యపుగింజంత గాటు,
ఎండిపోయి ఉంది. అదే నేర్పుంటుంది.

సాయంత్రందాకా గీశాం.
రేజరు నిండితే చెంబులో ఆడించి, మళ్లీ.
బూడిదరంగు నూగు నేల మీద దొర్లి
మంచం కిందకి, గడప దాటి వాకిట్లోకి.
గొరిగిన టోపీ బుగ్గకి ఆనించుకుంటే
అబ్బ, నున్నగా!
ఆ నునుపు కింద నా అల్లిక
ఒకటీ అరా మళ్లీ కనబడింది,
తేట పడ్డ కాలవలో అడుగు కనబడ్డట్టు.

ముప్పైతొమ్మిది కుదిరాయి.
నలభయ్యోది ఆశకి పోయి ఎక్కువ గీశాను.
చిల్లు.
చేతికి పాత బుద్ధి పోద్దా?
కొక్కెం తీసి ఆ చిల్లు చుట్టూ
తెల్లదారంతో ఆరు రేకులు వేసేసింది.
బుల్లెబ్బాయి వేలు దూర్చి చూసి
"ఇది లెక్కలోకి రాదండి" అని పక్కన పడేశాడు.

ఇప్పుడు దాంతోనే అన్నం గిన్నె దించుతున్నాను.
రేకుల్లోంచి కాస్త వేడి తగులుద్ది, పర్లేదు.

రేజరు కడిగి, తుడిచి,
అదే కాగితంలో చుట్టి
కోణమానిని కిందే పెట్టాను.
మర్నాడు అక్కడ లేదు.
అద్దం దగ్గర మేకుకి వేలాడుతోంది,
వాళ్ల నాన్న దువ్వెన పక్కన.