అనాసల ఇల్లు

మా నాన్న హార్ల్‌స్కోమ్ ప్రభువు, ఆ బిరుదుకి మూడోవాడు.
సమాధి రాతి మీద ఆయన పదవులకే తొమ్మిది వరుసలు పట్టాయి.
పిల్లలం ఏడుగురం ఒక్క వరుసలో సర్దుకున్నాం,
ఉన్నవాళ్ళం, పోయినవాళ్ళం కలిసి.

నార్తంబర్లాండ్‌లో మా ఇంటికి నూట పదకొండు కిటికీలు.
కిటికీ పన్ను దండగని గుమస్తా ట్రాటర్
ఉత్తరం వైపు పదహారింటిని ఇటుకలతో పూడ్పించాడు.
పిల్లల గది ఆ వైపే.
చలికి పిల్లలు రాటుదేలతారని నాన్న నమ్మకం.
మా పొయ్యిలో పిల్లి లేచిన రోజు లేదు.
పొద్దున్నే కూజాలో నీళ్ళ మీద మంచు పెచ్చు.
అన్న పెరిగ్రిన్ దాన్ని బొటనవేలితో పగలగొట్టి
"కాబోయే ప్రభువుని, ముందు మొహం నాది" అనేవాడు,
నీలం పెదాలతో.

అనాసలకు మాత్రం రాత్రింబవళ్ళు నిప్పు.
తోట చివర గాజు గది,
గోడల్లోపల పొగ గొట్టాలు,
తొట్ల నిండా పులిసి వేడెక్కే ఓక్ బెరడు,
న్యూకాసిల్ నుంచి వారానికి రెండు బొగ్గు బండ్లు.
తోటమాలి గిల్‌క్రైస్ట్
ఏ మొక్కకి ఎన్ని నెలలో నిద్రలో లేపినా చెప్పేవాడు.
నా వయసు అడిగితే అమ్మ
కాసేపు దాదివైపు చూసేది.

తమ్ముడు ఆంబ్రోజ్ దగ్గీ దగ్గీ
ఫిబ్రవరిలో ఆగిపోయాడు.
ఆ వారం కూడా బండ్లు రెండూ వచ్చాయి.

ఆ రాత్రి వాడి దుప్పటి కప్పుకుని
తోట దాటి వెళ్ళాను.
బెరడు తొట్టికి వీపు ఆనించి పడుకున్నాను.
ఎవరో మనిషి పక్కన పడుకున్నట్టే ఉంది.

మెలకువ వచ్చేసరికి నాన్న.
విగ్గు లేదు.
అంతవరకు ఆయన తల నేను చూడనే లేదు,
చెవి వెనక పాత మచ్చ, గుడ్డు పెంకంత పలచని చర్మం.
తిట్టలేదు. లాంతరు కింద పెట్టి
పక్కనే చతికిలబడ్డాడు,
పట్టు మేజోళ్ళకి బెరడు పొట్టు అంటుతున్నా.
"నువ్వు లెటీషియావా, ఆగస్టావా?"
"సెలీనాని."
కూడికలో తప్పు దొరికినవాడిలా తలూపాడు.
చాలాసేపటికి
"నా చిన్నప్పుడూ ఆ గదే" అన్నాడు.
"ఆరుగురం ఉండేవాళ్ళం.
నేనొక్కణ్ణే రాటుదేలాను."

మర్నాడు మా గదికి బొగ్గు వస్తుందనుకున్నాను.
రాలేదు.
గాజు గదికి మాత్రం
ఆ తర్వాత ఎవరూ తాళం వెయ్యలేదు.

ఈస్టర్‌కి ఒక్క పండు పండింది.
బిషప్ గారి విందులో వెండి పళ్ళెం మీద కూర్చుంది,
ఎవరూ కొయ్యలేదు. కొయ్యడానికి కాదది, చూడడానికి.
పొరుగు జమీందారు అరువడిగి తీసుకెళ్ళాడు,
ఆయన దగ్గర్నుంచి ఆయన వియ్యంకుడు.
మూడు బల్లలు తిరిగి ఇంటికొచ్చేసరికి
అడుగంతా నల్లబడింది.
పందులకు వేసేముందు గిల్‌క్రైస్ట్
మంచివైపు చూసి ఇంత ముక్క కోసి నా చేతిలో పెట్టాడు.

తియ్యగా లేదు. సారా వాసన.
నాలుక మండింది.
ఆంబ్రోజ్ వాటా కూడా నేనే నమిలాను.