నలభై ఏడు

గుణుపురం దాటాక, వంశధార ఒడ్డున
మా ఊరికంటే పొడుగు ఆ హాస్టలు బడి గోడ.
లోపలి పిల్లల మొహాలు నేనెరగను.
కాలరు వెనక ఎర్రదారం అంకెలే ఎరుగుదును.

పన్నెండుకి సిరా మరక.
ముప్పై ఒకటికి ఏనాడూ పైగుండీ ఉండదు.
నలభై ఏడు జూన్‌లో కొత్తగా దిగాడు,
కుడిచేతి అంచు నమిలేస్తాడు.
జేబులో ఓసారి చింతగింజలు,
ఓసారి నాలుగు మడతల ఒడియా చీటీ.
అంకెలు తప్ప అక్షరాలు రావు నాకు;
తడవకుండా తీసి
ఇస్త్రీ మడతలోనే తిరిగి పెట్టాను.

దసరాకి ముందు మూట విప్పితే
ఒకటి తక్కువ.
"ఆ నంబరు కొట్టెయ్, కూర్మయ్యా" అన్నాడు
వార్డెను పాణిగ్రాహి బాబు.
ఎందుకో చెప్పలేదు.

కొట్టేశాను, పద్దులో.
రేవులో మాత్రం
ఏ చొక్కా చేతికొచ్చినా
ముందు కుడి అంచే తడుముతాను.