డిమాండ్ రిజిస్టరు

ఏప్రిల్ ఒకటిన కొత్త రిజిస్టరు తెరుస్తా.
అట్ట వాసన, జిగురు వాసన.
మధ్యాహ్నానికల్లా ఉప్పుగాలికి కాయితం చెమ్మగిల్లి
ఇంకు రవ్వంత పక్కకి పాకుద్ది.
కొత్తపట్నం పంచాయతీలో
నేను రాసిన ఏ పేరు చూసినా
చుట్టూ ఒక నీలం నీడ.

నన్ను చూస్తే వీధిలో తలుపులు దగ్గరికేస్తారు.
"ఆయన వేటకి పోయాడు" అంటుందో గొంతు లోపల్నించి.
ఆయన లుంగీ దండెం మీద నీళ్లు కారుతుంటుంది.
"సరేమ్మా, మళ్లీ వస్తా" అంటా.
పద్దెనిమిదేళ్లుగా
మా మధ్య నడుస్తున్న మర్యాద అది.

మే నెలలో చేపల అరుగు కట్టారు.
శిలాఫలకం మీద తొమ్మిది పేర్లు,
అరుగు మీద ఒక్క గంపా లేదు.
"ఎండకి సిమెంటు కాల్తది.
చేపలమ్మాల్నా, కూరొండి అమ్మాల్నా?"
వాయిల జాలమ్మ లేచి అడిగితే
ఏఈ గారు కాయితాల్లో నీడ కోసం వెతికాడు.
అంచనాల్లో రేకు లేదు.
రేకు వచ్చేసరికి వానలొచ్చినయి.

రేవులో పన్నెండు లైట్లు వేశాం.
నలభై రోజుల్లో ఏడింటిని ఉప్పు తినేసింది.
మిగిలిన వాటిలో ఒకటి
పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది.
దాన్ని ఆర్పించాలన్న తీర్మానం
మూడుసార్లు వాయిదా పడింది.
పొగమంచు పొద్దుల్లో పడవలు
ఆ పిచ్చి దీపాన్ని చూసుకునే
ఒడ్డుకొస్తున్నాయని తర్వాత తెలిసింది.
తీర్మానం కొట్టేశాం.
ఆ ఏడాది మేం చేసిన మంచి పనుల్లో
అదొకటి, చెయ్యకుండా చేసింది.

సెప్టెంబర్లో మానికల అంకమ్మ వచ్చింది,
కాలవ అవతలి యానాదుల గుడిసెల నుంచి,
తడి కాళ్లతో.
"మాకెందుకు రాయవు సారూ, పన్ను చీటీ?"
"మీకు డోరు నంబరు లేదు గదమ్మా.
పన్ను లేదు, అదృష్టవంతులు."
ఆమె నవ్వలేదు.
"ఇల్లే లేదంటే
కుళాయి యాడ పెడతారు మరి?"

పన్ను వెయ్యమని అడిగిన మనిషిని
అంతకు ముందు నేను చూళ్లేదు.
గ్రామసభలో చెబితే సగం మంది నవ్వారు.
కార్యదర్శి ఖాదర్‌బాషా కళ్లజోడు తీసి
"అది పోరంబోకు" అన్నాడు.
గొంతులో ముల్లు పడ్డట్టు
ఆ మాట దగ్గర సభ ఆగిపోయింది.

నవంబరు ఆఖర్లో తుపాను.
రెండు రాత్రులు బళ్లో పడుకున్నారందరూ,
పన్ను కట్టినోళ్లు, ఎగ్గొట్టినోళ్లు,
పన్నే లేనోళ్లు.
మూడోనాడు నష్టం రాసుకోను పోయాం.
ఇరవై రెండు గుడిసెల చోట
ఇరవై రెండు పొయ్యిరాళ్ల గుంపులు.
డోరు నంబరు గడిలో ఏం రాయాలి?
లేదు. లేదు. లేదు.
ఏడో "లేదు" దగ్గర నా చెయ్యి ఆగింది.
లేని ఇల్లు కూలిందని
ఏ ఫారంలో రాస్తారు?

జనవరిలో తీర్మానం అయింది.
ఎవరు చెయ్యెత్తారో, ఎవరు కిటికీలోంచి చూశారో
మినిట్స్ పుస్తకంలో ఉండదు.
నేను ఎర్రరంగు డబ్బా పట్టుకుని పోయా.
తాటాకు మీద నంబరు నిలవదు.
అంకమ్మ చుట్టూ చూసి
తుపానుకి విరిగిన పడవ చెక్క ఒకటి ఈడ్చుకొచ్చి
గుడిసె ముందు ఇసకలో పాతింది.
"రాయి."
చెక్కకి ఇంకా రొయ్యల వాసన.
9-114.
ఆమెకి చదువు రాదు.
వేలు పెట్టి అంకెల వెంట నడిచింది,
రంగు అంటింది, తుడుచుకోలేదు.

మార్చిలో మొదటి వసూలు ఆమెదే.
నలభై ఆరు రూపాయలు, అన్నీ చిల్లర,
పీతల బేరం తడి ఆరని చిల్లర.
రసీదుని పాలిథిన్ కవర్లో చుట్టి
చూరులో దోపుకుంది.
అందులో ఆమె పేరు చుట్టూ కూడా
నీలం నీడ.

రేపు కొత్త రిజిస్టరు.
ఇరవై రెండు పేర్లు ఎక్కువ.
వాళ్లు నన్ను చూసి తలుపులెయ్యరు,
తలుపులు లేవు.

పైపు పడవచెక్క దాకా వచ్చి ఆగింది.
మూతికి గుడ్డ కట్టి ఉంది.
"చీటీ ఇచ్చావు, డబ్బు కట్టాను,
నీళ్లెప్పుడు సారూ?"

లోపలికి పోయి దాక్కోడానికి
నాకు ఇల్లు లేదక్కడ.
"మళ్లీ వస్తానమ్మా" అన్నా.