మాపటిదాక

శివరాత్రి పోయినంక ఎండ చర్చి రేకుల మీద చిటపటమంటుంటే
రత్నం పాస్టరు పేజీలు గబగబ తిప్పిండు:
"ఈ బలులు, ఈ శుద్ధులు, ఈ మైలలు మనకు కావు.
అన్నిటినీ సిలువకు మేకులేసి కొట్టేసిండు దేవుడు.
ముందుకు పోదాం."

వెనుక బొంత మీద కూసున్న మా ఓదేలు తాత
గొంతు సవరించుకున్నడు.
"దాటకు అయ్యా. ఆడ నా పని రాసి ఉన్నదట."

నర్సంపేట రోడ్డు దిగితే మా వాడ.
వాడ చివర ఎండిపోయిన లంద.
ఒకప్పుడు దాంట్ల సున్నం, తంగేడు చెక్క,
నెల దాటినా నానుతుండే ఎద్దు తోలు.
తంగేడు పువ్వు ఊరందరి బతుకమ్మల మీదికెక్కేది,
చెక్క మా తాత లందలకు దిగేది.
ఒకటే చెట్టు.

ఆ రాత్రి కరెంటు పోయింది.
ఫోను వెలుగుల నేనే చదివిన.
చచ్చిన గొడ్డును ముట్టినోడు బట్టలుతుక్కోవాలె,
పొద్దుగూకేదాక మైల...
"ఆగు బిడ్డా. పొద్దుగూకేదాకనా?"
"అంతే తాతా."
"గూకినంక?"
"గూకినంక ఏం లేదు."

చీకట్ల మొఖం కనబడలే.
రంపె పట్టి పట్టి వంకరపోయిన వేళ్లు
మంచం పట్టెను గీకుతున్న చప్పుడు.

"మా అయ్య ముట్టిండు. నేను అరవై ఏండ్లు ముట్టిన.
వాగుల మునిగి వచ్చిన,
ఇసుకతోని, బూడిదతోని, లైఫ్‌బాయ్ సబ్బుతోని.
ఎన్ని పొద్దులు గూకినయో.
పటేలు బాయి గిరక కాడ
నాకు ఒక్క మాపు కాలేదు."

ఇంకో రాత్రి డేరా సంగతి వచ్చింది.
ఎడారిల దేవుని ఇల్లు. నార తెరల మీద మేక బొచ్చు,
దాని మీద ఎర్ర రంగేసిన పొట్టేలు తోళ్లు.
తాత లేచి కూసున్నడు.
"తోళ్లా? దేవుని నెత్తి మీదనా?
పదును చేసినోని పేరు రాసిండ్రా?"
వెతికిన. బంగారం చెక్కినోని పేరున్నది.
తోలు పదును చేసినోని పేరు దొరకలే.
"ఉండదు. వాసన ఉంటది.
ఆ వాసన కిందనే కూసున్నడన్నట్టు దేవుడు."

మట్టల ఆదివారం ముందు నాడు పాస్టరు ఇంటికొచ్చిండు.
మా శారమ్మ అవ్వ అల్లమేసి చాయ పెట్టింది.
ఆయన తన సీసాల నీళ్లు తాగి "ఉపవాసం" అన్నడు.
పై వాడల తిన్న సకినాల నువ్వులు
మీసానికి అంటుకొనే ఉన్నయి.

తాత చాయ గ్లాసు తన దిక్కు జరుపుకున్నడు.
"అయ్యా, కొట్టేసిండంటిరి గద ఆ చట్టం.
కొట్టేసిన చట్టం మాపటికి విడిచిపెడుతుండె.
రాయని చట్టం ఇంకా విడుస్తలేదు.
మేకులు దేనికి కొట్టాలె?"
పాస్టరు సీసా మూత తిప్పుకుంట ఉండిపోయిండు.

శుక్రవారం మూడు గంటల ఆరాధన అయినంక
నేనొక్కదాన్నే లంద గట్టు మీద కూసున్న.
కుష్ఠు ఒంటిని ముట్టినాయన, పాడెను ముట్టి ఆపినాయన,
చట్టం లెక్కల ఎన్ని మాపులు బాకీ పడ్డడో!
ఆయనే శవమైన నాడు
పొద్దుగూకకముందే దించాలని ఉరికినోళ్లు,
నెత్తుటి ఒంటికి నార బట్ట చుట్టి
పండుగ పోగొట్టుకున్నోళ్లు,
వాళ్ల చేతులు మా తాత చేతులసొంటియే.
వాళ్లు చట్టాన్ని తప్పిండ్రా, నిండిచ్చిండ్రా,
నాకు తెల్వదు.
లోకానికి మాపు మాత్రం
ఆ చేతుల మీదనే అయింది.

చాయ సంగతి ఇంకా తేలలే.
పండుగ మర్నాటి ఆదివారం
ప్రసంగ బల్ల మీది గ్రంథం తెరిచిండు పాస్టరు.
దానికి తాత ఎన్నడో కుట్టిచ్చిన తోలు అట్ట,
తంగేడు రంగు, వానకాలం ఇప్పటికీ వాసనొస్తది.
ఆ అట్ట మీద అరచెయ్యి పెట్టి
చానసేపు నిలబడి
"ఏడ ఆగినం?" అని అడిగిండు.

వెనుక బొంత మీదికెళ్లి తాత అన్నడు:
"మాపటి కాడ."