బొమ్మల పెట్టె

నాకు అక్షరం ముక్క రాదని చెబితే
ఆ పొడుగాటి దొర మొహం వెలిగింది.
అదే నా అర్హత.
పొగాకు కట్టంత పెట్టె చేతిలో పెట్టాడు.
మీటల మీద బొమ్మలు:
లారీ, ఫిరంగి, ఏనుగు, మనిషి.

"చూసింది నొక్కు, అంతే" అన్నాడు
మా ఖ్ము మాటల్లోనే, జలుబు చేసినవాడిలా.
నెలకో ఉప్పు బస్తా, మా ఆవిడకు సూదులు.
మిగతాది పైవాళ్ళు చూసుకుంటారట.
పైవాళ్ళంటే, మొదట్లో,
మా కొండ దేవతలే అనుకున్నాను.

రెండు వానాకాలాలు
ఆ బాట పక్కన వెదురుపొదలో పడుకున్నాను.
జలగలకు నా రుచి తెలిసిపోయింది.
దీపాలార్పుకుని లారీలు పాకేవి,
నేను నొక్కేవాణ్ణి,
అన్నం ఉడికేలోగా
కొండ అవతల ఆకాశం దగ్గేది.
పిట్ట కొంచెం, కూత ఘనం.

ఒక వేకువన
బుట్టలు మోసుకుంటూ కొందరొచ్చారు.
పొగమంచులో బుట్టలే కనిపిస్తాయి, మొహాలు కాదు.
మనిషి, మనిషి, మనిషి.
పదకొండుసార్లు నొక్కాను.
మంచు కాస్త పలచబడ్డాక కదా
చివరి బుట్టలోంచి వేలాడుతున్న చెయ్యి చూశాను,
మణికట్టుకి తెల్ల నూలుదారం,
జ్వరమొచ్చిన పిల్లకి
ప్రాణం ఎగిరిపోకుండా కట్టేది.

బొమ్మల్లో పిల్ల లేదు.
జ్వరం లేదు.
నొక్కింది వెనక్కి తీసుకునే మీట
అసలే లేదు.

రాయి విసిరాను, పొమ్మని.
దెయ్యమనుకున్నారు కాబోలు,
పొద వదిలి
బాట నడిమధ్యకి జరిగి
ఇంకా తొందరగా నడిచారు.

"లెక్క బాగుంది, ఖమ్‌లియెంగ్" అన్నాడు దొర.
గడియారం ఇచ్చాడు. కీ ఇవ్వడం నేర్పాడు.
నేనెప్పుడూ ఇవ్వలేదు.

లావోసులో తమకు యుద్ధమే లేదని
ఆ రోజుల్లో వాళ్ళ దేశం చెప్పిందని
మనవరాలు సెంగ్ మొన్న చదివి వినిపించింది.
లేని యుద్ధం. లేని జీతం. లేని కూలివాడు.
మరి ఆ పదకొండుమందీ?
తిలా పాపం తలా పిడికెడు అంటారు.
వాళ్ళ పిడికిలి సముద్రాలవతల ఉంది.
వేలు మాత్రం నాది.

నిన్న సెంగ్ ఫోను నా ఒళ్ళో పెట్టి
"చదువెందుకు తాతా, బొమ్మ నొక్కు,
అమ్మకి అదే పోతుంది" అంది.
నవ్వే మొహం, పువ్వు, గొడుగు...
ఏనుగు దగ్గరకొచ్చేసరికి
చెయ్యి లాక్కుని
అరటిబోదె తరగడానికి లేచాను,
పందులకి ఆకలవుతోందని.